గాలి దిక్కు తాడు

గుడ్డపీలిక కొసన నీటిబొట్టు ఉబ్బింది, ఊగింది, రాలి బురదలో పడింది. వెంటనే ఇంకొకటి తయారు. ఎల్లేశం రెప్ప వేయకుండా దాన్నే చూస్తున్నాడు. ఇంకేం చూస్తాడు పాపం, వెల్లకిలా పడుకున్నవాడికి కనిపించేదెంత? పైన వానకు అడ్డంగా కప్పిన తాడిపత్రి గుడ్డ, తలవైపు ఒక నల్లమద్ది, కాళ్లవైపు ఇంకో నల్లమద్ది, ఆ రెండు చెట్లకూ కట్టి వేలాడదీసిన గొంగడి జోలె, జోలెలో తను. పట్టపగలే చీకటి చేసి కురుస్తోంది వాన. చెట్టు మీది నుంచి తాడు పట్టుకుని జారివచ్చే నీళ్లన్నీ తిన్నగా అతని మెడ కిందికి రావలసినవే, కానీ జోలె ఇంకా జానెడు దూరం ఉందనగా తాడుకు కట్టిన ఆ పీలిక దగ్గర దారి మళ్లి కిందికి దిగిపోతున్నాయి. పీలిక దేవవ్వ చీరకొంగుది. పర్రుమని చింపిన చప్పుడు కూడా విన్నాడు. అడవికి తెచ్చుకున్నవి రెండే చీరలు, ఒక్కమాట అనకుండా చింపింది మహాతల్లి. చల్లగుండు తల్లీ అనుకున్నాడు, అనుకుని, కట్టుకున్నదాన్ని తల్లీ అనడమేమిటని తనలో తనే సిగ్గుపడ్డాడు. నొప్పి మనిషిచేత ఏమైనా అనిపిస్తుంది. ఇందాకటి నుంచి ఎవరెవరికి దండాలు పెట్టుకున్నాడో అతనికే గుర్తులేదు. మద్దిచెట్లకు పెట్టాడు, గొంగడి నేసిన కురుమవాళ్లకు పెట్టాడు, కొండగట్టు అంజన్నకు సరేసరి.

పొద్దున లేచేటప్పటికి ఈ కాలు మంచి కాలే. టింబర్ మేస్త్రీ కాలు. ముందు బెల్లంపల్లిలో, ఇప్పుడు మందమర్రిలో, పదకొండేళ్లుగా బొగ్గుబాయి మెట్లు దిగి ఎక్కిన కాలు. బాయిలో పైకప్పు కూలకుండా ఊతంగా నిలబెట్టే కర్రదిమ్మెలు ఏరడానికి పదిరోజుల కిందట అడవికి వచ్చాడు, వెంట నలుగురు మనుషులు, వాళ్లకింత ఉడకేసి పెట్టడానికి దేవవ్వ. పొద్దున బండికెత్తుతుంటే దుంగ జారింది. ఎడమకాలు మోకాలి కింద ఎముక విరిగి తోలు చీల్చుకుని బయటికొచ్చిందట. అతను చూడలేదు, ఆ నలుగురిలో ఒకడు, హనుమండ్లు, చూశాడు, వాడి ముఖం చూశాడు తను, అది చాలు. దేవవ్వ కాచిన నీళ్లతో కడిగి, ఉతికిన గుడ్డ నాలుగు పొరలు చుట్టి, అటొకటి ఇటొకటి వెదురుబద్దలు పెట్టి కట్టింది. బండిబాటంతా బురద. అందుకని గొంగడిని జోలెగా కట్టి, పొడుగాటి వెదురుకు తగిలించి నలుగురూ మోసుకొచ్చారు. మందమర్రి దవాఖాన ఆరు కోసుల దూరం. నాలుగు కోసులు నడిచేసరికి వాగు అడ్డమొచ్చింది, రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది, ఆ పైన ఈ వాన. కింద దింపుదామా అంటే నేలంతా నీళ్లే. పుండులోకి బురదనీళ్లు పోతే ఇక ఆ కాలు మీద ఆశ వదులుకోవలసిందే. తోటి పనివాడు ఇస్తారికి అట్లాగే కదా అయింది. బాయిలో బొగ్గు మోసే టబ్బు మీద పడి కాలు విరిగితే, పుండు తడిసి, కుళ్లి, తొడ దాకా కోసేశారు. బాయి పని పోయింది, పనితోపాటు క్వార్టరూ పోయింది. ఇప్పుడు గుడిసె ముందు కూర్చుని షిఫ్టుకు పోయేవాళ్లందర్నీ పేరుపేరునా పలకరిస్తాడు, ఆ పలకరింపు వినలేక ఎల్లేశం చుట్టుతిరిగి వేరే బాటన పోయేవాడు. మళ్లీ బొటనవేలు కదిలించి చూశాడు. కదిలింది. నీకూ ఒక దండం తల్లీ, కదులుతూ ఉండు.

వాన తాడిపత్రి మీద ఒకేతీరుగా మోగుతోంది. మోగనీ, మోత మారనంతవరకు ఫికర్ లేదు అనుకున్నాడు, అనుకోగానే బాయి కళ్ల ముందుకొచ్చింది. అక్కడా ఇంతే కదా, కప్పును కర్రతో తట్టి వినాలి. గట్టిరాయి ఖణేల్‌మంటుంది, లోపల పగుళ్లు వారిన రాయి డొల్లగా పలుకుతుంది. తట్టడం, వినడం, దిమ్మె నిలబెట్టడం, అదే బతుకు. ఒకనాడు రెండో షిఫ్టులో కప్పు నుంచి చిటికెడు పొడి రాలింది. ఎవరికీ పట్టలేదు, అతను మాత్రం బయటికి ఉరుకుండ్రి అని అరిచాడు, తట్ట వెతుక్కుంటున్న బుచ్చిరాములును అంగీ పట్టి ఈడ్చుకొచ్చాడు. పది అడుగులు వేసేసరికి వెనక కప్పంతా కూలింది. ఆ తర్వాత బుచ్చిరాములు ఒక్కనాడు కూడా ఆ సంగతి ఎత్తలేదు. మేస్త్రీ నీతోనే బతికిన అంటాడేమోనని ఎల్లేశం కొన్నాళ్లు చూశాడు కూడా, దాచుకోవడమెందుకు, మనిషికి ఆశ ఉంటుంది. అనలేదు. కానీ ఏటా సీతాఫలాల కాలం వస్తే గంపెడు పండ్లు తెచ్చి క్వార్టర్ గడపలో పెట్టి, పిలిచినా ఆగకుండా పోతాడు. ఇవాళ నాలుగు కోసులూ మిగతా ముగ్గురు చోటు మార్చుకున్నారు, బుచ్చిరాములు మార్చుకోలేదు. తలవైపు వెదురు అతనిదే. భుజం తోలు లేచి అంగీకి నెత్తురంటింది, జోలెలోంచి ఎల్లేశానికి అదే కనబడుతూ వచ్చింది. తమ్మీ, నీ మేలు మరువ అందామని రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ, జర నిమ్మళంగ నడువుండ్రి అనే వచ్చింది నోట్లోంచి. ఇప్పుడు తెలిసింది ఆ మాట గొంతులో ఎక్కడ ఇరుక్కుంటుందో. బుచ్చిరాములు ఇప్పుడు ఆ వానలోనే వాగొడ్డున నిలబడి నీళ్ల ఎత్తు కనిపెడుతున్నాడు, హనుమండ్లూ మిగతా ఇద్దరూ తాడిపత్రి అంచు కింద గొంతుక్కూర్చుని తడిసిన బీడీలు వెలిగించడానికి తంటాలు పడుతున్నారు. వీళ్లెవరికీ తను చుట్టం కాదు. మేస్త్రీగా తిట్టిన తిట్లు తప్ప వీళ్లకు తను ఇచ్చిందీ లేదు. అయినా మోస్తున్నారు. కళ్లు చెమర్చాయి, వాననీళ్లేనని తుడుచుకున్నాడు, చూసేవాళ్లెవరూ లేకున్నా.

అవునుగానీ, ఇంత తెలిసిన మేస్త్రీ ఇందాక చేసిన ఘనకార్యమేమిటో కూడా చెప్పుకోవాలి. జోలె కట్టాక దాని పైన చెట్టుకూ చెట్టుకూ నడుమ మోకు లాగి, మోకు మీద తాడిపత్రి పరిచి, నాలుగు మూలలకు నాలుగు జనుపతాళ్లు కట్టింది దేవవ్వ. కొండవైపు మూలలు రెండూ చెట్ల వేళ్లకు దొరికాయి. వాగువైపు, అంటే గాలి వచ్చే దిక్కున, ఒక మూలకు మోదుగ మొదలు దొరికింది. నాలుగో మూలకు పట్టు ఏదీ లేదు, వట్టి మట్టినేల, అక్కడ ఇనుపగూటం దిగగొట్టి దానికి తాడు కట్టడమే గతి. దేవవ్వ గూటాన్ని వెనక్కి, తాడిపత్రికి అవతలి దిక్కుకు వాల్చి కొట్టబోతుంటే జోలెలోంచి ఇతగాడు చూడనే చూశాడు. పదకొండేళ్లు దిమ్మెలు నిలబెట్టిన కళ్లాయె, వాలిన కర్ర కనబడితే ఊరుకుంటాయా? బాయిలో దిమ్మె వాలిందంటే చావే. నిట్టనిలువున నిలపాలి, కప్పుకూ దిమ్మెకూ నడుమ చెక్కముక్క దూర్చి సుత్తెతో బిగించాలి, బిగిసింది చాలదని ఇంకో దెబ్బ వేయాలి.

"అట్ల వంకర గొడుతున్నవేందే? నిలువు గొట్టు. తాడు బిగ్గర గుంజుండ్రి, జర కూడ సందియ్యకుండ్రి."

"తాడు నీళ్లు తాగితె అదే బిగుస్తదయ్యా. గిప్పుడు ఒదులే ఉండాలె. గూటం ఎనుకకు వాలితెనే ఆగుతది."

"నీకేమెరుక? తాళ్లు గట్టెటోని బిడ్డవు నాకు చెప్తున్నవా? రాములూ, నువ్వు గుంజురా."

నలుగురి ముందర అన్నాడు ఆ మాట. దేవవ్వ పక్కకు తప్పుకుంది. మేస్త్రీ చెప్పాడు కాబట్టి బుచ్చిరాములు గూటం నిలువునా దిగగొట్టి, కాలు తన్నిపెట్టి మరీ తాడు గుంజి కట్టాడు. తాడిపత్రి డప్పులా బిగిసింది, ఎల్లేశానికి ఆ బిగువు చూసి ఎంత ముచ్చటేసిందో! వాన పెరిగింది, జనుపతాడు నీళ్లు తాగింది, తాగినకొద్దీ కురచై ఇంకా బిగిసింది, బిగిసినకొద్దీ గూటాన్ని తనే మట్టిలోంచి పెరుక్కుంటూ వచ్చింది, ఇదంతా ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం సంబరమే. అంతలో వాగు మీది నుంచి ఒక్క గాలి. టప్పుమని చప్పుడు. మూల లేచిపోయి తాడిపత్రి చెట్టుకేసి కొట్టుకుంది, దోసెళ్లకొద్దీ నీళ్లు కట్టు మీద పడ్డాయి, అవ్వో అని లేవబోయాడు, లేవబోతే ఎముకలో ఏదో గరుక్కుమంది, కళ్లు బైర్లు కమ్మాయి. ఆ మైకంలోనే దేవవ్వ గొంతు విన్నాడు, మీరు గా మూలలు ఒదులు జెయ్యుండ్రి, గిది నేను జూస్త, మీరేం మాట్లాడకుండ్రి అంటోంది. తెలివి వచ్చేసరికి తాడిపత్రి కిందికి వాలి కుదురుకుంది. గూటం దొరికిందన్నమాట, వాల్చి కొట్టిందన్నమాట. కట్టు పై పొరలు తడిశాయి, లోపలికి ఎంత దిగిందో దవాఖానలో విప్పితేగాని తెలియదు. తన కాలు మీద తనే నీళ్లు పోసుకున్నాడు. ఇంకొకడు చేసి ఉంటే వాడి ఏడుతరాలను తిట్టేవాడు.

తాళ్లు కట్టేటోడు. అంటే మామ మొండయ్య. నిజాం కాలంలో అడవి కొలవడానికి వచ్చే దొరలకు డేరాలు వేసే ఖలాసీ. ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ దాకా, వానకూ చలికీ, తల్లిలేని పిల్లను చంకనేసుకుని డేరాల వెంట తిరిగాడు. డేరా తాళ్లు పట్టుకునే దేవవ్వ నడక నేర్చింది. పెళ్లయిన ఏడాది, పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, కొత్త కాపురం చూడటానికి వచ్చినప్పుడు మామ తెచ్చిందేమిటయ్యా అంటే ఒక చుట్ట జనుపతాడు, ఒక ఇనుపగూటం, ఏ దొరో పారేస్తే తెచ్చుకున్న పాత తాడిపత్రి. అరుగు మీద కూర్చుని కల్లు తాగుతూ అదేపనిగా చెప్పాడు, అల్లుడా, మొగులు గాంగనే ఒదలాలె, ఎండ రాంగనే గుంజాలె, తాన్ని జూసుకుంట ఉండాలె, కట్టి మర్సిపోతె అది కట్టినట్టు గాదు. ఎల్లేశం పడీపడీ నవ్వాడు. మర్నాడు బాయిలో మామలా గొంతు మార్చి చెప్పి పదిమందినీ నవ్వించాడు. తాడిపత్రి తొమ్మిదేళ్లు కట్టెల మోపు మీద కప్పి ఉంది. నిరుడు మామ పోయాడు. మట్టివేసి ఆ సాయంత్రమే, షిఫ్టుంది అని చెప్పి తిరిగొచ్చాడు ఎల్లేశం. షిఫ్టు లేదు. దేవవ్వకు అది తెలుసు, తెలిసీ, పో అయ్యా, పనిజెడద్దు అంది. పదిరోజుల కింద అడవికి బయలుదేరేటప్పుడు కట్టెల మోపు మీది నుంచి ఆ తాడిపత్రి తీసి బండిలో వేస్తుంటే, ఆ పాత బొంత ఎందుకే అని కసిరాడు. ఆమె మాత్రం బండిలోంచి తీయలేదు. ఆ పాత బొంత కిందే ఇప్పుడు మేస్త్రీగారి కాలు పొడిగా ఉంది. మామా, దండమే, నిన్ను బతికుండగా ఒక్కనాడు కూడా మంచిగ చూసుకోలే, అయినా నీ గూటం నన్ను కాస్తోంది. కాటికి సాగనంపిన రోజు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, జోలె సన్నగా అదిరింది, కాలు సలుపుతుందని పళ్లు బిగపట్టాడు.

ఇంతకూ ఈమె ఎక్కడ? గాలి దిక్కున తాడిపత్రి అంచు బాగా కిందికి గుంజి ఉంది, దానవతల ఏముందో జోలెలోంచి కనబడదు. మూల నుంచి తాడు అంచు దాటి అవతలికి పోవడం వరకే కనిపిస్తుంది. దేవవ్వ గొంతు మాత్రం ఆ దిక్కు నుంచే, నేలకు దగ్గరగా వస్తోంది. కూర్చుందన్నమాట. అరగంట దాటింది, వచ్చి కాలు చూసింది లేదు, నొసటి మీద చెయ్యి వేసింది లేదు.

"ఏమే, ఆడేం జేస్తున్నవ్? ఇటు రారాదు?"

"గీడనే ఉన్న. నువ్వు కదలకు."

"తడువవా వానల?"

"తడిస్తె కరుగుతనా, బెల్లంగడ్డనా? నువ్వైతె కాలు కదిలియ్యకు. మంచినీళ్లు గావాల్నా? హనుమండ్లూ, మేస్త్రీకి నీళ్లియ్యి బిడ్డా."

హనుమండ్లు సీసా తెచ్చి తాగించాడు. ఎప్పుడూ వాగుడుకాయే, ఇప్పుడేమో కళ్లెత్తకుండా నీళ్లు పోసి వెళ్లిపోయాడు. ఓహో, అనుకున్నాడు ఎల్లేశం, అలిగిందన్నమాట. నలుగురి ముందర అంతమాట అంటే ఎవరు అలగరు? మామూలు రోజైతే ఇతనికీ రోషం వచ్చేది, విరిగిన కాలుతో నేనుంటే నీ అలుకలేందని అరిచేవాడు. ఇవాళ రోషం రాలేదు. అలగనీ, ఆ మాత్రం హక్కు ఆమెకు లేదా? తొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు అలగవలసింది, ఎన్నిసార్లు అలిగింది? బిడ్డ సారక్క పుట్టినప్పుడు తొట్టెల కట్టడానికి వాసానికి వేలాడి ఊగి మరీ గట్టితనం చూశాడు, మేస్త్రీ కదా, తర్వాత ముడి తనే వేస్తానన్నాడు, వేశాడు, మర్నాడు చూస్తే ఆ ముడి లేదు, దాని చోట ఇంకోటి ఉంది, చిన్నగా, కుదురుగా. ఎవరు మార్చారని అతను అడగలేదు, నేను మార్చానని ఆమె చెప్పలేదు. ఆ తొట్టెలలో సారక్క మూడేళ్లు నిద్రపోయింది. ఇప్పుడు ఆరేళ్లది, పక్క క్వార్టర్ భూమవ్వ దగ్గర ఉంది, బాపు అడవి నుంచి తునికిపండ్లు తెస్తాడని ఊరంతా చెప్పుకుంటూ ఉంటుంది, కాలం దాటిపోయిందని దానికేం తెలుసు. ఆ తొట్టెల ముడి మారిన సంగతి ఇన్నేళ్లూ తనకు గుర్తే లేదు. ఇన్నాళ్లూ ఇల్లు తన దిమ్మెల మీదే నిలబడిందనుకున్నాడు కాబోలు, వెర్రిబాగులవాడు. జోలె దగ్గరికి వస్తే చెప్పాలి. ఏమని? ఏదో ఒకటి. ముందు రానీ.

మళ్లీ గాలి. ఈసారి దూరం నుంచే వినబడింది, టేకు ఆకులన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి, వాగు మీద ఎవరో పరుగెత్తుతున్నట్టు వచ్చింది. ఎల్లేశం రెండు చేతులా గొంగడి అంచులు పట్టుకున్నాడు. అయిపోయింది, ఈసారి గూటం ఆగదు, కట్టంతా తడుస్తుంది, ఇస్తారి పక్కన ఇంకో పీట వేసుకోవలసిందే. తాడిపత్రి ఉబ్బింది, మోకు కిర్రుమంది, గాలి దిక్కు తాడు లాగుకుని లాగుకుని, జానెడు పోయింది, బెత్తెడు పోయింది, అప్పుడు, ఎంత చిత్రం, తాడు పోయినంతా పోయి నిలబడింది, గాలి తగ్గగానే మెల్లగా ఆ జానెడూ బెత్తెడూ వెనక్కి తీసుకుంది. ఇంకో విసురు. మళ్లీ అంతే, కొంచెం ఇచ్చింది, మళ్లీ తీసుకుంది. ఇదేం గూటంరా నాయనా! ఇనుము ఇట్లా ఇచ్చి పుచ్చుకోవడం పదకొండేళ్లలో చూడలేదు. తన దిమ్మె అయితే ఇవ్వదు, ఇవ్వక ఇవ్వక ఒక్కసారి విరుగుతుంది. మామ ఏ ఒడుపు నేర్పాడో ఈమెకు, గూటంలో ఉందో ముడిలో ఉందో, దవాఖాన నుంచి వచ్చాక కూర్చుని నేర్చుకోవాలి, మామ చెప్తే నవ్వినవాడు బిడ్డ దగ్గరైనా నేర్చుకోవాలి. వరసగా ఐదు విసుర్లు వచ్చాయి. ఐదుసార్లూ తాడు అట్లాగే చేసింది. ఐదో విసురులో అవతల నుంచి ఒక మూలుగులాంటిది వినిపించింది, చెట్టు కొమ్మేమో అనుకున్నాడు. ఒక్క చుక్క రాలేదు లోపలికి. అతనికి ఎక్కడలేని ధైర్యమొచ్చింది, దుఃఖమూ వచ్చింది, మామా నీ గూటానికి దండం, నీ గూటానికి దండం అని పైకే అన్నాడు. హనుమండ్లు అటు ముఖం తిప్పుకున్నాడు.

ఎంతసేపో. మోత పలచబడింది, ముందు కొండవైపు, తర్వాత ఇటు. పీలిక కొసన బొట్లు ఒకటొకటిగా ఎడం ఎడంగా రాలాయి. తాడిపత్రి అంచు కింద వెలుతురు పడింది, ఎక్కడో నెమలి అరిచింది. బుచ్చిరాములు వాగొడ్డు నుంచి పరుగున వచ్చాడు, చేతిలో కర్రకు తొడ ఎత్తున వాగు బురద అంటి ఉంది.

"మేస్త్రీ, వాగు తీసింది, తొడలమంటి నీళ్లే ఉన్నయి. పైన ఇంకో మొగులు వడుతుంది, మళ్ల రాకముందే దాటాలె. లేవుండ్రి, లేవుండ్రి."

కొండవైపు తాళ్లు విప్పారు. మోదుగ మొదలు తాడు విప్పారు. తాడిపత్రిని మోకు మీద నుంచి మడిచి వెనక్కి వేశారు, గాలి దిక్కు బయటపడింది. ఎల్లేశం తల తిప్పాడు. ముందు గూటం కోసమే చూశాడు, దాన్నొకసారి కళ్లారా చూద్దామని. గూటం లేదు. గూటం ఉండవలసిన చోట దేవవ్వ కూర్చుని ఉంది, నడుము దాకా బురదలో, రెండు మడమలూ ఒక రాతికి తన్నిపెట్టి, వెనక్కి వాలి. మూలతాడు ఆమె నడుముకు రెండు చుట్లు చుట్టి పక్కన ముడివేసి ఉంది. రెండు అరచేతులూ తాడు ఒరిసి తోలు లేచి ఉన్నాయి, జుట్టు నిండా మోదుగాకులు. ఇంకా వాలే ఉంది, ఇక వాలనక్కరలేదని ఒంటికి ఇంకా తెలియనట్టు.

"గూటమేదిరా?" అన్నాడు ఎల్లేశం.

"గూటమెక్కడిది మేస్త్రీ," బుచ్చిరాములు నేల చూస్తూ అన్నాడు. "నువ్వు బిగ్గర గుంజుమన్న గాలికే లేచి వాగుల వడె. మేం వట్టుకుంటమంటె వదినె ఇయ్యలే. మీరు గుంజి నిలవడ్తరు, దీన్ని ఇడుసుకుంట వట్టుకుంట ఉండాలె, అది నాకెరుక అన్నది. నీకు చెప్పద్దన్నది. చెప్తె నువ్వు లేస్తవని, కాలు పోతదని."

ఐదు విసుర్లు. పైకే దండం పెట్టాడు ఎల్లేశం, గూటానికి! అలిగిందనుకున్నాడు. అలగడానికి హక్కుంది పోనీలే అని పెద్దమనసు కూడా చేశాడు, తన ముఖానికి. దేవవ్వ లేచి నిలబడబోయి ఒకసారి తూలింది, హనుమండ్లు రెక్క పట్టుకున్నాడు. నడుము దగ్గర ముడి విప్పుకోబోయింది, తడిసిన జనుము ఇనుములా కరుచుకుంది, తోలు లేచిన వేళ్లు దానిమీద ఆడలేదు.

"కొడవలితోని కోస్త వదినె, ఆల్శమైతుంది," అన్నాడు బుచ్చిరాములు.

"కొయ్యకు తమ్మీ, మంచి తాడు. నడుసుకుంట ఇప్పుకుంట. మీరు జోలె లేపుండ్రి, కాలు ముఖ్యం."

వెదురు తెచ్చారు. హనుమండ్లు జోలె తాడు అందుకున్నాడు. పైన మబ్బు నిజంగానే నల్లబడుతోంది.

"ఆగుండ్రి," అన్నాడు ఎల్లేశం.

"మేస్త్రీ, వాగు వస్తది..."

"వస్తె రానియ్యి. ఆగుండ్రన్న. దేవీ, ఇటు రా."

వచ్చి జోలె పక్కన నిలబడింది. ఆమె నడుము సరిగ్గా అతని ముఖం ఎత్తున ఉంది. తాడు కింద చీర చిరిగింది, చిరిగినచోట తోలు ఎర్రగా పొంగి నెత్తురు తేలింది. ఎల్లేశం రెండు చేతులూ ఎత్తి ముడి పట్టుకున్నాడు. పట్టుకోగానే వేళ్లు అలవాటు కొద్దీ గుంజబోయాయి. ఆపుకున్నాడు. గుంజకుండా, తాడును ముడిలోకే నెట్టాడు, ఇటు నుంచి కొంచెం, అటు నుంచి కొంచెం, గోటితో సందు చేస్తూ.

"కాలు జూసుకో అయ్యా," అంది దేవవ్వ మెల్లగా. "నలుగురు నిలవడ్డరు."

"నలుగురున్నరనే చెప్తున్న. నలుగురి ముందరనే అన్నగద. మీ బాపు మాట నేను ఇనలే. నీ మాట ఇనలే. తప్పయింది దేవీ." కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, రెండు చేతులకూ పని ఉండటంవల్ల తుడుచుకోలేదు. "కాలు ఉంటదో పోతదో దవాఖానల చెప్తరు. గీ గంటసేపు గీ కాలు ఉన్నదంటె నువ్వు నిలవెట్టిందే."

బుచ్చిరాములు వాగువైపు తిరిగి నిలబడ్డాడు, మిగతావాళ్లూ అటే చూశారు. ముడి మొదట కదల్లేదు, తర్వాత ఒక పేట కదిలింది, దాని వెంట ఇంకోటి. ఎల్లేశం తాడు కొస లాగి, రెండు చుట్లూ ఒకటి తర్వాత ఒకటి, తోలుకు తగలకుండా విప్పి తీశాడు. ఆ గంటలో మొదటిసారి దేవవ్వ నిండుగా ఒక్క ఊపిరి పీల్చుకుంది.